సీసపు తెలుపు

వేడన్నంలో పప్పు కలుపుతున్న తల్లిని చూసి కౌముది కేక పెట్టింది.

"అమ్మా, చెయ్యి తియ్యి! పొగలొత్తన్నాయి!"

సత్యవేణి చెయ్యి తియ్యలేదు. కూతురు ఎందుకు అరుస్తోందో అర్థం కావడానికి ఆమెకు కాసేపు పట్టింది. అన్నం అప్పుడే కుక్కర్లోంచి తీసింది. పప్పు పొయ్యి మీంచి దించింది. మామూలుగా అయితే వేళ్ల కొసలతో అంటీ అంటనట్టు కలుపుతూ, మధ్యమధ్య ఉఫ్ ఉఫ్ అని ఊదుకునే మనిషి. ఇవాళ అరచెయ్యి మొత్తం అందులో పెట్టి చపాతీ పిండి పిసికినట్టు పిసుకుతోంది. తీసి చూసుకుంటే చెయ్యి కమిలిపోయి ఉంది. ఇంగిలీకం అనే ఎర్ర రంగులో కాస్త తెలుపు కలిపితే సరిగ్గా ఈ ఎరుపే వస్తుందని మాత్రం అనిపించింది. మంట తెలియలేదు.

వీరభద్రం పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టాడు.

"మతేమన్నా పోయిందేంటే నీకు? బొబ్బలెక్కిపోతాయి!"

"నొప్పిగా లేదండీ."

"నొప్పి లేకపోవడమేంటి?"

"లేదు. నీళ్లు చల్లగా ఉన్నాయా?"

తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చలికాలంలో ఫ్రాన్సులోని ఈ తూర్ పట్టణపు కుళాయి నీళ్లు ఎముకలు కొరికేస్తాయి. పట్టుకున్నవాడికే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆమె మాత్రం ఆ ధార కింద ఉన్న తన చెయ్యిని పక్కింటివాళ్ల చెయ్యిని చూసినట్టు చూస్తోంది. భయపడాలని ఆమెకూ తెలుసు. ఆ భయం ఎక్కడో దూరంగా ఉండిపోయింది, దగ్గరికి రాలేదు.

ఈ కుటుంబం యానాం నుంచి వచ్చింది. కాకినాడ పక్కనే ఉండి ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఆ ఊళ్లో, వీరభద్రం తాత ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన పుణ్యమా అని మనవడికి ఆ దేశపు పాస్‌పోర్టు దక్కింది. వీరభద్రం ఇక్కడ రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. ఎదుటివాళ్లు ఫ్రెంచిలో ఏం చెప్పినా ముందు "ఆయ్" అని, తర్వాత ఫ్రెంచిలో జవాబిస్తాడు. సత్యవేణి పాత చేతిరాత పుస్తకాలను బాగుచేసే పని నేర్చుకుంది. పురుగు తిన్నచోట, రంగు రాలినచోట అతుకు వేయడం ఆమె విద్య. ఆ పనిలో ఎంతటివాళ్లకైనా ఒకటే కట్టుబాటు. అతుకు వేసినవాళ్ల చెయ్యి అందులో కనబడకూడదు. నీళ్ల దూది పెట్టి తుడిస్తే వేసిందంతా పోవాలి. అందులో సత్యవేణికి సాటి వచ్చేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆ సంగతి ఆమెకు తెలుసు, కాస్త గర్వం కూడా ఉంది.

* * *

మర్నాడు సత్యవేణి చేతికి గుడ్డ చుట్టుకుని, తను పనిచేసే గ్రంథాలయపు ప్రయోగశాలకు వెళ్లింది. ఒదిల్ దొరసాని అప్పటికే పుస్తకం ముందు కూర్చుని ఉంది. రంగుల భౌతికశాస్త్రం చదివిన మనిషి. జుట్టు నెరిసిపోయింది, పెళ్లి చేసుకోలేదు, ఆ పుస్తకమే ఆవిడకు ఇల్లూ వాకిలీ.

రోజులో ఏ వేళకు ఏ ప్రార్థన చదవాలో చెప్పే పుస్తకం అది. ఫ్రెంచి రాజుల కాలంలో ఏ దొరసాని కోసమో రాయించారు. దూడతోలు పుటల నిండా బొమ్మలు. ఆ రోజుల్లో బొమ్మ వేయడానికి ఒక వరస ఉండేది. ముందు బంగారం అతికేవారు. తర్వాత లాజవర్ద రాయి నూరిన నీలం, ఆకుపచ్చలు, ఎరుపులు. మనుషుల మొహాలు అన్నిటికంటే చివర, పెద్ద చిత్రకారుడు వచ్చి సీసపు తెలుపుతో పలచగా వేసేవాడు. ఆ మధ్య లువార్ నది పొంగి గ్రంథాలయంలోకి వచ్చినప్పుడు, పుస్తకంలో చివర వేసినవి ముందు పోయాయి. కొన్ని పుటలు మాత్రమే పూర్తిగా దక్కాయి. తక్కినవాటిలో నీలి వస్త్రాలు ఉన్నాయి, బంగారు వలయాలు ఉన్నాయి, వాటి మధ్య మొహాలు ఉండాల్సిన చోట ఉత్త తోలు ఉంది.

ఆ మొహాల కోసమే ఒదిల్ దొరసాని ఒక యంత్రాన్నీ, దానికో చేతి తొడుగునూ కనిపెట్టింది. తడి రంగు ఆరేటప్పుడు అందులోని రేణువులు కుంచె తోసిన వైపే వాలి నిలిచిపోతాయి, కోసిన వరి మోళ్లు కొడవలి లాగిన వైపు వాలినట్టు. యంత్రం వాటిని పొరలు పొరలుగా చదివి, ఆ కుంచె పట్టిన చెయ్యి ఎంత నొక్కింది, ఎక్కడ తడబడింది, మణికట్టు ఎటు తిరిగింది, అన్నీ లెక్కగడుతుంది. మొదట ఆ లెక్కలను మరమనిషి చేతికి ఇచ్చి మొహాలు వేయించారు. అన్నీ శవాల్లా వచ్చాయి. వేళ్ల కింద ఏం తగులుతోందో చూసుకుంటూ సర్దుకునే చెయ్యి కావాలని, అంటే బతికున్న చెయ్యి కావాలని, అప్పుడు తేలింది. మోచేతి దాకా వచ్చే తొడుగు తయారైంది. అది తొడుక్కున్నవాళ్ల నరాలకు ఎప్పుడో పోయిన ఆ చిత్రకారుడి చేతివాటం ఎక్కుతుంది.

"ఎందరినో పరీక్షించి చూశాను," అని అప్పట్లో చెప్పింది ఒదిల్. "అందరి చేతులకూ సొంత పొగరు ఉంది. దాన్ని వదలవు. మీ చెయ్యి మాత్రం ఖాళీ ఇల్లులా ఉంది, వేణీ. ఎవరొచ్చినా చోటిస్తుంది."

ఆ మాటకి సత్యవేణి పొంగిపోయింది కూడాను.

మొదటి మొహం వేసిన రోజున గదిలో ఉన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కనురెప్ప దగ్గర కుంచె తనంతట తనే ఆగి, ఊపిరి పీల్చుకున్నట్టు కదిలింది. పండితులు వచ్చి చూశారు. ఏళ్ల తరబడి ఆ పుస్తకం మీదే పనిచేసిన ఆ చిత్రకారుడు నడివయసులో వేసిన మొహాల్లో గీత కచ్చితంగా ఉండేదనీ, ముసలితనంలో వేసినవాటిలో అంచులు కరిగి, పొగమంచులో చూసినంత మెత్తదనం వచ్చిందనీ, అదే ఆయన గొప్పదనమనీ వాళ్లు ఎప్పటినుంచో రాస్తున్నారు. పోయిన మొహాలన్నీ ఆ ముసలి రోజులవే. అందుకని యంత్రానికి ఆ రోజుల గీతలనే నేర్పారు.

ఇప్పుడిక ఒక్క మొహమే మిగిలింది. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని, వాడి చెయ్యి పట్టుకుని చూస్తున్న తల్లి. బిడ్డ మొహం దక్కింది. తల్లిదే పోయింది.

"చేతికి ఏమైంది?" అని అడిగింది ఒదిల్.

"అన్నం వేడిగా ఉండింది."

"ఇవాళ పని చేయగలరా?"

"నొప్పి లేదు," అని సత్యవేణి తొడుగు వేసుకుంది.

తెలుపు కలిపారు. విషం లేని కొత్త తెలుపు అది; ఈ కాలంలో సీసపు తెలుపు ఎవరూ ముట్టుకోరు. సత్యవేణి కుంచె ముంచింది. చెయ్యి పుట మీదికి వెళ్లడానికి బదులు పైకి లేచింది.

"వేణీ!" అని ఒదిల్ గట్టిగా పిలిచింది. "ఏం చేస్తున్నారు?"

కుంచె మొన సత్యవేణి పెదాల మధ్య ఉంది. సూదిలో దారం ఎక్కించేముందు దారాన్ని తడిపినట్టు, నాలుకతో దాన్ని మొన తేలుస్తోంది. కుంచె నోట్లో పెట్టడం ఆమె వృత్తిలో మొట్టమొదట మాన్పించే పాపం. చదువుకునే రోజుల్లో కూడా ఎన్నడూ చేసి ఎరగదు. ఎప్పటినుంచి చేస్తోందో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

ఆమె కుంచె కింద పెట్టింది. దక్కిన పుటలు ఒక్కొక్కటే తెప్పించుకుని, వయసు వరసలో బల్ల మీద పేర్చి చూసింది. నడివయసు గీతలు. ఆ తర్వాతివి. మరీ తర్వాతివి. మొహాలు ఎక్కువ వేసిన పుటల తర్వాత అంచులు ఇంకా కరిగాయి. ఆయన తెలుపుతో దిద్దిన వస్త్రపు మడతల్లో కూడా అదే కరగడం ఉంది.

"ఇది మెత్తదనం కాదండీ," అంది చివరికి. "ఆయన రోజూ సీసాన్ని నాకాడు. ఆ విషమెక్కి వేళ్లు చచ్చుబడిపోయాయి. కుంచె తోలుకు తగిలిందో లేదో తెలియక, కంటితో చూసుకుంటూ తడిమి తడిమి వేశాడు. మనం దాన్ని శైలి అనుకున్నాం. యంత్రానికి నేర్పాం. అది నాకు నేర్పింది."

ఒదిల్ పుటల మీదికి వంగింది. ఒక్కొక్కటే మళ్లీ చూసింది. లేచేసరికి ఆవిడ మొహం పాలిపోయి ఉంది. తన జీవితమంతా ఒక మనిషి రోగాన్ని మెచ్చుకుంటూ గడిపానని తెలిసినవాళ్ల మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. పాపం, ఆవిడ చెడ్డమనిషి కాదు. కావాలని ఎవరికీ కీడు చేయలేదు.

ఆ వారమే పరీక్షలు జరిగాయి. సత్యవేణి రక్తంలో సీసం జాడ లేదు. నరాలు తెగలేదు, వాయలేదు. అవి స్పర్శను మెదడుకు చేర్చడం మరిచిపోయాయి, అంతే. ఆ చిత్రకారుడి చెయ్యి ఎలా మరిచిపోయిందో అలాగే.

"ఆయన చేతివాటాన్ని మీలోంచి తొలగించవచ్చు," అంది ఒదిల్. "వచ్చిన దారినే పంపించాలి. కానీ ఖాళీగా వదిలేస్తే నరాలు నిలబడవు. దాని స్థానంలో మీ చెయ్యిని పెట్టాలి. తొడుగు వేసుకోక ముందు మీరు స్వయంగా రంగుతో వేసింది ఏదైనా ఒకటి కావాలి. అది తొడుగుకు చదివిస్తాను."

"ఉన్నాయిగా, నేను బాగుచేసిన పుటలు! బీరువాల నిండా ఉన్నాయి."

ఆ బీరువాలన్నీ తీయించారు. యంత్రం కింద పెట్టారు. ప్రతి అతుకునూ యంత్రం చదివింది. ప్రతిసారీ ఆ అతుకు చుట్టూ ఉన్న పాత చిత్రకారుడి చేతివాటమే తెర మీద వచ్చింది. ఒకచోట రూఆన్ పట్టణపు చిత్రకారుడు, ఒకచోట పారిస్ చిత్రకారుడు, ఒకచోట పేరు తెలియని సన్యాసిని. సత్యవేణి ఎక్కడా లేదు. ఇన్నేళ్లూ ఏ విద్యకైతే అందరూ ఆమెను పొగిడారో, ఆ విద్య అంత బాగా వచ్చింది ఆమెకు.

* * *

"బొమ్మలేం వేసుకోలేదా నువ్వు చిన్నప్పుడు?" అని అడిగాడు వీరభద్రం.

"వేస్తే ఎవరు దాచారు?"

ముగ్గురూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. వీరభద్రం అన్నం కలిపి ఆమెకు పెడుతున్నాడు. ఆమె చంటిపిల్లలా నోరు తెరుస్తోంది. సిగ్గు వేయాలి, వేయలేదు. నోట్లో అన్నం రుచి కూడా గోడ అవతలినుంచి వస్తున్నట్టే ఉంది.

"ముగ్గులు వేసేదానివి కదా?" అన్నాడు.

"తొక్కేశారు. వాన తడిపేసింది."

"గోరింటాకు?" అంది కౌముది. "నాకు ఎన్నిసార్లు పెట్టావో."

"నీ గోళ్లతోపాటే పోయింది."

"దిష్టిచుక్క?"

"స్నానంలో పోయేది."

వీరభద్రం చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "తక్కినవన్నీ తినేశాం," అన్నాడు మెల్లగా.

ఎవరూ నవ్వలేదు. ఆ ఒక్క మాటకి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. భార్య చేతి వంటను ఇన్నేళ్లు లొట్టలేసుకుంటూ తిని కూడా ఆ చెయ్యిని ఎక్కడా దాచుకోలేకపోయానని అనుకుంటూ ముద్దను తిరిగి కంచంలో పెట్టేశాడు. ఆమె అతని కన్నీళ్లు చూసి, తడి మీద దీపం వెలుగు ఎలా పడిందో గమనించింది.

అప్పుడు కౌముది కుర్చీ వెనక్కి తోసి లేచింది. "గడప!" అంది.

ఈ దేశపు ఇళ్లకు గడపలు ఉండవు. తలుపు తీస్తే నున్నటి నేలే. ఇంట్లో దిగిన కొత్తలో సత్యవేణికి అది కాలు నిలవని చోటులా అనిపించింది. ఆమె పోరు పడలేక వీరభద్రం ఒక ఓక్ చెక్క తెచ్చి వీధి తలుపు కింద మేకులతో బిగించాడు. పసుపు పూస్తే ఈ తేమకు బూజు పడుతోందని, దానికి డబ్బా రంగు వేశారు. పచ్చటి రంగు మీద తెల్ల గీతలు, ఎర్ర బొట్లు. ప్రతి ఉగాదికీ పాత రంగు మీదే కొత్త రంగు వేసేవారు. పొరలు పొరలుగా అన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇంకేం!" అంటూ వీరభద్రం సుత్తి కోసం వెళ్లాడు. చెక్క ఊడదీసి, ఆ పక్కా ఈ పక్కా దులిపి, దుప్పట్లో చుట్టాడు. మర్నాడు తనే భుజాన వేసుకుని ట్రాములో ప్రయోగశాలకు పట్టుకొచ్చాడు.

"ఇది పుస్తకమా?" అని తలుపు దగ్గర కాపలా అతను అడిగాడు.

"ఆయ్," అన్నాడు వీరభద్రం.

* * *

పై పొరలు చదవగానే తెర మీద తొందర తొందరగా లాగిన గీతలు వచ్చాయి. ఆ చేతివాటం చూసి కౌముది మొహం మాడిపోయింది. "అవి నావి," అంది. "అన్నీ నేనే వేశాను. నేనే వేత్తానని నీ దగ్గర బ్రష్షు లాక్కునేదాన్ని కదమ్మా."

కిందికి వెళ్లారు. అన్ని పొరల్లోనూ ఆ పిల్లే. రానురానూ ఇంకా చిన్న పిల్ల, ఇంకా వంకర గీతలు. అన్నిటికంటే అడుగున, చెక్కకు అంటిన మొదటి పొర దగ్గర, యంత్రం తడబడింది. ఒదిల్ రెండోసారి చదివించింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఇక్కడ రెండు చేతులున్నాయి," అంది. "ఒకదానిలో ఒకటి. లోపలి చెయ్యి కుంచె పట్టుకుంది, దానికి ఏమీ రాదు. బయటి చెయ్యి కుంచెను ముట్టుకోలేదు. లోపలి చెయ్యిని పట్టుకుని నడిపించింది."

సత్యవేణికి గుర్తొచ్చింది. ఇంట్లో దిగిన వారం. పలక మీద అక్షరాలు దిద్దించినట్టు, కౌముది గుప్పిట తన గుప్పిట్లో పెట్టుకుని ఆ గీతలు దిద్దించింది. అప్పటికి ఆ పిల్లకు సరిగ్గా మాటలు రాలేదు.

"ఈ భూమ్మీద మీ చెయ్యి మిగిలింది ఈ ఒక్కచోటే," అంది ఒదిల్. "ఒంటరిగా మాత్రం లేదు. అందులో ఏ స్పర్శ ఉందో అదే తిరిగొస్తుంది. అంతకుమించి నేనేం చేయలేను. మీరు అది తెలుసుకుని ఒప్పుకోవాలి."

"మరి ఆ చివరి మొహం?" అని సత్యవేణే అడిగింది.

ఒదిల్ బల్ల మీది పుట వైపు చూసింది. ఆ చూపులో ఎంత ఆశ ఉందో గుడ్డివాళ్లకు కూడా తెలుస్తుంది. నీలి కొంగు, బంగారు వలయం, వాటి మధ్య ఖాళీ. ఒళ్లో బిడ్డ పైకి చూస్తున్నాడు. ఎవరి మొహంలోకో తెలియదు.

"ఇప్పుడు వేస్తే వేయగలరు," అంది. "ఇంకొక్కసారి తొడిగితే ఆ పట్టు ఇక వదలకపోవచ్చు. చివరికి మీరే చెప్పాలి. మీకు అబద్ధం చెప్పలేను, నాకది కావాలి. మీరు వద్దంటే మాత్రం మళ్లీ అడగను."

సత్యవేణి పుటను చూసింది. చెయ్యి సిద్ధంగానే ఉంది. పెదాలు కూడా కుంచె కోసం కొద్దిగా విచ్చుకున్నాయి. ఆ ముసలాయన బిడ్డ చెయ్యి పట్టుకున్న తల్లిని వేశాడు. వేసేనాటికి ఆయన ఎవరి చెయ్యి పట్టుకున్నా ఆయనకు తెలిసి ఉండదు. ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని వేసి ఉంటాడు.

"ఆమెను అలాగే ఉండనివ్వండి," అంది.

ఒదిల్ తలూపింది. పుటను మూసి, అట్టపెట్టెలో పెట్టి, మూత మీద రెండు చేతులూ ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత తొడుగు దగ్గరికి వచ్చి, దానికి గడపను చదివించడం మొదలుపెట్టింది.

* * *

వీరభద్రం గడప చెక్కను తిరిగి బిగించాడు. బొబ్బలు మానాయి. సత్యవేణి ఇప్పుడు కుంచెను నోటి దగ్గరికి తీసుకుపోదు. అసలు కుంచె పట్టుకోలేదు. పెన్ను కూడా పట్టుకోలేదు. చేతిలో పెట్టగానే అరచెయ్యి నిండిపోయి ఉన్నట్టు, ఇంకోటి పట్టడానికి చోటు లేనట్టు వేళ్లు విడిపోతాయి. ఆ చెయ్యి వేడి చెప్పదు, చలి చెప్పదు. గ్రంథాలయంవాళ్లు ఆమెకు పుటలు బాగుచేసే పని కాకుండా, వచ్చినవాళ్లకు చూపించి చెప్పే పని ఇచ్చారు. మొహం లేని తల్లి దగ్గర జనం ఎక్కువసేపు ఆగుతున్నారు. ఎందుకు వేయలేదని అడిగితే, వేయలేదు అని చెబుతుంది.

ఆదివారం కౌముది అన్నం కలిపింది. ఆ పిల్ల ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ, వేళ్ల కొసలతో కలపడం చూస్తూ సత్యవేణి ఎదురుగా కూర్చుంది. కలపడం ఆపి, కౌముది ఎడమ చెయ్యి చాపి తల్లి కుడి అరచేతిలో పెట్టింది.

"అమ్మా, ఇప్పుడు తెల్తందా?"

సత్యవేణి కళ్లు మూసుకుంది. తెలుస్తోంది. వెచ్చగా, చెమటగా, రంగు అంటుకుని జిగురుజిగురుగా ఒక గుప్పిట. తన గుప్పిట్లో మొత్తం ఇమిడిపోయి, ఎటు లాగితే అటు వస్తూ, మధ్యలో విడిపించుకోబోయి మళ్లీ ఊరుకుంటోంది. ఆ తొడుగు తీసిన క్షణం నుంచీ అది అక్కడే ఉంది. నిద్రలో ఉంది, ట్రాములో ఉంది, చేతిలో ఏమీ లేనప్పుడూ ఉంది. దాన్ని వదిలిపెట్టడం ఆమెకు రావడం లేదు.

"తెల్తందమ్మా," అంది.

వీరభద్రం చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. కౌముది మొహం విప్పారింది. "నిజంగా? ఎలా ఉంది?"

"చాలా చిన్నగా ఉంది," అంది సత్యవేణి.

కౌముది తల దించి తన చేతిని చూసుకుంది. అది తల్లి అరచెయ్యి దాటి, మణికట్టు మీదికి వచ్చి ఉంది.